న్యాయవాది రాజకీయవేత్త అయితే ఆయన జీవితచిత్రణ ఎలా రాయాలి? థాడియస్ స్టీవెన్స్ ఉదాహరణ

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా న్యాయవాది-రాజకీయవేత్త గురించి వ్యాసం రాయమంటే, విశాఖపట్నం న్యాయవిద్యార్థులలో ఎక్కువమంది పుట్టిన తేదీతో మొదలుపెట్టి పదవుల పట్టికతో ముగిస్తారు. తెన్నేటి విశ్వనాథం గారిని మంత్రిగా, లోక్‌సభ సభ్యునిగా మాత్రమే చెప్పి ఉక్కు ఉద్యమాన్ని వదిలేస్తే మన ఊరివారు ఒప్పుకోరు కదా. పరాయి దేశపు నాయకుడికీ అదే న్యాయం వర్తిస్తుంది.

పెన్సిల్వేనియాకు చెందిన థాడియస్ స్టీవెన్స్‌ను తీసుకుందాం. బాల్యానికి మూడు వాక్యాలు చాలు: 1792లో వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్విల్‌లో పుట్టారు, పుట్టుకతోనే పాదం వంకర, 1814లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. 1816లో సన్నదు పొంది గెటిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టిన నాటి నుంచి మాత్రం నెమ్మదిగా నడవాలి.

ముందుగా ఆయన ఎవరి తరఫున వకాల్తా వేశారో సంవత్సరాల వారీగా రాసుకోండి. ఇబ్బంది పెట్టే కేసును దాచకండి. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం అదే. 1821లో చారిటీ బట్లర్ అనే బానిస స్త్రీ, పెన్సిల్వేనియాలో ఆరు నెలలు నివసించిన బానిసకు అక్కడి చట్టం ప్రకారం విముక్తి రావాలని వాదించగా, స్టీవెన్స్ యజమాని పక్షాన నిలిచి, ఆ ఆరు నెలలు ఎడతెగకుండా ఉండాలన్న వాదంతో గెలిచారు. ముప్ఫై ఏళ్ల తరువాత, 1851లో, పెన్సిల్వేనియాలోని క్రిస్టియానా అనే ఊరి ఘటనలో, పారిపోయి వచ్చిన బానిసలను పట్టుకోవడానికి సహకరించనందుకు దేశద్రోహ నేరం మోపబడిన కాస్ట్‌నర్ హాన్వే పక్షాన వాదించిన న్యాయవాదులలో ఆయన ఒకరు. హాన్వే నిర్దోషిగా విడుదలయ్యాడు. ఈ రెండు కేసులను పక్కపక్కన పెడితే, మారిన మనిషిని పాఠకుడే చూస్తాడు. మార్పుకు కారణాన్ని మీరు ఊహించి రాయకండి.

చట్టసభల విషయంలో పదాలు జాగ్రత్తగా వాడాలి. అమెరికా కాంగ్రెస్‌లోని దిగువ సభ అయిన ప్రతినిధుల సభను లోక్‌సభ అనకూడదు. అక్కడ సభ్యత్వ కాలం రెండేళ్లే. ఆ కాలపు అమెరికా రాజకీయ పక్షమైన విగ్ పార్టీ పేరును అనువదించకండి, అప్పటి రిపబ్లికన్లకు నేటి ఆ పార్టీ భావాలను అంటగట్టకండి. 1835లో రాష్ట్ర శాసనసభలో ఉచిత పాఠశాలల చట్టం రద్దు కాకుండా ఆయన చేసిన ప్రసంగానికి ఒక పేరా కేటాయించండి. 1849 నుంచి 1853 వరకు, తిరిగి 1859 నుంచి మరణించేవరకు ప్రతినిధుల సభలో ఉన్నారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, ఆ సభలో పన్నుల వ్యవహారాలు చూసే వేస్ అండ్ మీన్స్ కమిటీ అధ్యక్షునిగా యుద్ధవ్యయానికి కావలసిన పన్నుల, అప్పుల బిల్లులు నడిపారు. పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను చెప్పే అమెరికా రాజ్యాంగపు పద్నాలుగో సవరణ తాను కోరినంత బలంగా లేకపోయినా, 1866లో దానిని ఆమోదిస్తూ, తాను దేవదూతల మధ్య కాక మనుషుల మధ్య బతుకుతున్నానని సభలో చెప్పారు. ఆ ఒక్క మాటకు పది విశేషణాలు సాటిరావు.

1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌పై అభిశంసన సాగినప్పుడు స్టీవెన్స్ ఆరోగ్యం క్షీణించింది. ఆ ఆగస్టు 11న వాషింగ్టన్‌లో మరణించారు. తన సమాధి కోసం, అన్ని జాతులవారికీ చోటిచ్చే చిన్న శ్మశానాన్ని లాంకాస్టర్‌లో తానే ఎంచుకున్నారు. ఈ వాక్యాన్ని చివర ఉంచండి, దాని కింద మీ వ్యాఖ్య ఏదీ రాయవద్దు.