బొమ్మ చదవడం – 4: చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట

పోయిన పాఠంలో వెలుతురు ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడం చూశాం. ఈసారి చేతులు, చూపులు, నేల మీది వస్తువులు. అందుకు ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ 1783లో వేసిన ‘హెక్టర్ కోసం విలపిస్తున్న ఆండ్రోమకీ’ తీసుకుందాం. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు 9 అడుగులు. ఫోన్‌లో చూస్తే సగం పోతుంది, కంప్యూటర్లో పెద్దది చేసి పెట్టుకోండి.

కథ రెండు ముక్కల్లో: గ్రీకులతో యుద్ధంలో ట్రాయ్ నగర యువరాజు హెక్టర్‌ని గ్రీకు వీరుడు అకిలీస్ చంపి, శవాన్ని రథానికి కట్టి ఈడ్చాడు. ముసలి తండ్రి ప్రియామ్ వెళ్ళి, కొడుకుని చంపినవాడి చేతులు ముద్దు పెట్టుకుని, బతిమాలి శవాన్ని తెచ్చుకున్నాడు. బొమ్మలో ఉన్నది ఆ తర్వాతి సంగతి.

ముందు హెక్టర్ భార్య ఆండ్రోమకీ చెయ్యి చూడండి. మంచం మీది భర్త వైపు చాపింది. చూపు మాత్రం అటు లేదు, పైకెటో పోయింది. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకు ఇది చటుక్కున తగులుతుంది. చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలని కదా వాళ్ళకు చెప్పేది! దావీద్ ఆ రెంటినీ విడదీశాడు. ‘చూడండి’ అని మనకు చూపిస్తోంది, తను చూడలేకపోతోంది. నన్నడిగితే బొమ్మకు ప్రాణం ఇక్కడే ఉంది. పిల్లవాడు అస్త్యనాక్స్ తల్లిని పట్టుకుని ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపుకీ బదులు లేదు.

ఇప్పుడు కిందికి రండి. మంచం ముందు హెక్టర్ శిరస్త్రాణం, కత్తి ఉన్నాయి. ఏదో ఖాళీ నింపడానికి పెట్టినవి కావు. ఈ యుద్ధం గురించి హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ‘ఇలియడ్’ ఆరో సర్గలో హెక్టర్ యుద్ధానికి వెళ్తూ కొడుకుని ఎత్తుకోబోతే, శిరస్త్రాణం మీద ఊగే జుట్టు చూసి పసివాడు జడుసుకుని ఏడుస్తాడు. అమ్మానాన్నా నవ్వేస్తారు. హెక్టర్ దాన్ని తీసి నేల మీద పెట్టి, అప్పుడు ముద్దాడతాడు. ఇది తెలిశాక ఆ లోహపు ముక్కని మళ్ళీ చూడండి. మంచం పక్కన చెక్కినట్టు వేసిన శిల్పాలనూ పెద్దవి చేయండి: ఆ వీడ్కోలు, హెక్టర్ చావు రెండూ అక్కడున్నాయి. జరిగిపోయిందంతా మంచానికి చెక్కేశాడన్నమాట.

శవం మాత్రం ఈడ్చిన శరీరంలా లేదు, పాలరాతి విగ్రహంలా ఉంది. ఇది కొంత హోమర్ మాటే, దేవతలు ఆ దేహాన్ని చెడిపోకుండా కాపాడారంటాడు. కొంత నియోక్లాసికల్ పద్ధతి, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ కళను ఆదర్శంగా పెట్టుకోవడం: దావీద్ 1775లో రోమ్ వెళ్ళి కొన్నేళ్ళు పురాతన శిల్పాలు గీస్తూ గడిపాడు.

ఒక హెచ్చరిక. ట్రాయ్ కూలాక ఈ పిల్లవాణ్ణి కోటగోడ మీంచి కిందికి విసిరేస్తారు. అది కథలో ఉంది, బొమ్మలో లేదు. నోట్సు రాసేటప్పుడు కంటికి కనపడింది ఒక పేజీలో, మీకు ముందే తెలిసింది ఎదురు పేజీలో రాయండి. రెండూ కలిపేస్తే బొమ్మ పోయి కథే మిగులుతుంది.

అభ్యాసం: పియెర్ గెరాన్ 1802 నాటి ‘ఫెడ్రా, హిప్పొలిటస్’. కథ చదవకుండా మొదలుపెట్టండి. కూర్చున్న రాణి చేతిలో కత్తి ఉంది. నలుగురిలో ఎవరు ఎవర్ని చూడటం లేదు? ఆ కత్తి ఎవరిదై ఉంటుంది? రాసుకుని ఉంచండి, వచ్చే పాఠం అక్కడినుంచే.