ట్యూబ్‌లెస్ సైకిలు టైరు రిమ్మును వదలకపోతే

గౌతమి గట్టు మీద సైకిలు తొక్కేవాళ్ళకి సర్కారు తుమ్మ ముల్లు తప్పదు. సన్నటి చిల్లయితే లోపలున్న సీలెంటే, అంటే చిల్లులు పూడ్చటానికి టైరులో పోసే ద్రవమే, మూసేస్తుంది. కాస్త పెద్దదయితే బయటి నుంచి రబ్బరు ప్లగ్గు గుచ్చితే సరిపోతుంది, టైరు విప్పే పనే ఉండదు. పక్క గోడ చిరిగినా, సీలెంటు ఎండిపోయినా, టైరు అరిగిపోయినా అప్పుడు విప్పాలి. "ఎంత లాగినా రావట్లేదండి, రెండు లివర్లు విరిగిపోయాయి" అని చక్రం పట్టుకొచ్చేది ఆ రోజే. లివరంటే టైరు అంచును రిమ్ము మీద నుంచి పైకి లేపే చిన్న కడ్డీ.

చక్రం చేతిలోకి తీసుకోగానే నేను మొదట చూసేది వాల్వుకి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు. అక్కడ బీడ్, అంటే టైరు అంచులో ఉండే గట్టి తాడు, ఇంకా పైనే కూర్చుని ఉంటుంది. లివర్లు విరగ్గొట్టుకున్నవాళ్ళలో ఆ చోటు చూసుకుని వచ్చినవాళ్ళు చాలా తక్కువ.

రిమ్మును అడ్డంగా కోసి చూస్తే మన పంట కాలువలాగే ఉంటుంది. మధ్యలో లోతైన గాడి, దానికి రెండు పక్కలా చదునుగా చెరో అరుగు, అరుగు దాటాక రిమ్ము అంచు. గాలి నింపినప్పుడు టైరు రెండు బీడ్‌లూ చెరో అరుగు మీదికి ఎక్కి బిగుసుకుంటాయి. చాలా రిమ్ముల్లో బీడ్ జారి గాడిలో పడిపోకుండా అరుగు లోపలి అంచున చిన్న మిట్ట కూడా ఉంటుంది. బీడ్ రబ్బరులా సాగదు. టైరు ఊడి రావడానికి కావలసిన వదులు అంతా ఒక్క చోటి నుంచే వస్తుంది: బీడ్ అరుగు దిగి గాడిలో పడటం నుంచి. లివరు ఆ వదులును వాడుకుంటుంది, పుట్టించలేదు.

బీడ్ అరుగు మీద నుంచి కదలనే కదలదు

గాలి మొత్తం పోయిందో లేదో చూడండి. వాల్వు లోపలి పిన్ను విప్పి తీసేయండి, ఊరికే నొక్కి వదిలేస్తే సరిపోదు. గాలి పూర్తిగా పోయినా కదలకపోతే సీలెంటు ఎండి బీడ్‌ను అరుగుకి అతికించేసిందని అర్థం. సీలెంటులో ఉండేది ఎక్కువగా రబ్బరు పాలే. మన ఎండలకి అది తొందరగా ఎండుతుంది, ముఖ్యంగా వేసవిలో బండి రేకుల షెడ్డులో ఉంటే.

సబ్బు నీళ్ళు బీడ్ చుట్టూ ధారాళంగా పోసి పది నిమిషాలు వదిలేయండి. నేల మీద గోనె సంచి పరిచి చక్రాన్ని దాని మీద పడుకోబెట్టండి. డిస్కు బ్రేకు ఉంటే డిస్కు పైకి ఉండాలి, లేదంటే వంగిపోతుంది. రిమ్ము పక్కనే టైరు మీద మడమ వేసి తొక్కండి. రిమ్ము మీద గానీ స్పోకుల మీద గానీ బరువు వేయకండి. ఒక చోట 'టప్' అని వదిలాక దాని పక్కనే, మళ్ళీ దాని పక్కనే తొక్కుకుంటూ చుట్టూ రావాలి. అవతలి బీడ్‌కీ అంతే చేయాలి, అప్పుడు మాత్రం డిస్కు విప్పేసి తిప్పండి. ఇవతలి బీడ్ ఒక్కటి దించి లివరు పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. రెండూ దిగితేనే పని సులువు. కిరసనాయిలు, నూనె పోయకండి, రబ్బరు పాడైపోతుంది.

బీడ్ దిగింది, అయినా లివరు పైకి లేవదు

మీరు ఇవతల లివరు పెట్టి లాగుతుంటే అవతల బీడ్ మళ్ళీ అరుగెక్కేసింది. అసలు తిరకాసు ఇదే.

లివరు ఎప్పుడూ వాల్వు దగ్గర, దానికి జానెడు పక్కగా పెట్టాలి. వాల్వు అడుగు భాగం గాడిని ఆక్రమించుకుని ఉంటుంది కాబట్టి అక్కడ బీడ్ ఎలాగూ పూర్తిగా దిగదు. దిగాల్సింది ఎదురు పక్కన. చక్రాన్ని వాల్వు పైకి ఉండేలా నిలబెట్టండి. అడుగున టైరును రెండు చేతులతో పిండి రెండు బీడ్‌లనూ గాడి మధ్యలోకి నెట్టండి. అక్కడి నుంచి చెరో పక్కగా టైరును నొక్కుతూ, వదులును పైకి తోసుకుంటూ వాల్వు దాకా రండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే వాల్వు దగ్గర టైరు వదులవడం చేతికే తెలుస్తుంది. బీడ్ మళ్ళీ అరుగెక్కుతుంటే పాత ట్యూబును పట్టీలుగా కోసి, అడుగు సగంలో టైరునూ రిమ్మునూ కలిపి మూడు చోట్ల బిగించి కట్టండి. అప్పుడు ప్లాస్టిక్ లివరు పెట్టి కొంచెం కొంచెంగా, రెండేసి అంగుళాల చొప్పున లేపండి. స్క్రూడ్రైవరు, గరిటె కాడ లాంటివి వద్దు. అల్యూమినియం అంచు ఒకసారి గంటు పడితే ఆ తర్వాత అక్కడ గాలి నిలవదు.

అన్నీ సరిగ్గా చేసినా రాదు

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను, ఒకసారి కాదు, రెండుసార్లు.

అమలాపురం వైపు నుంచి ఒక కుర్రాడు వెనక చక్రం తెచ్చాడు. సబ్బు నీళ్ళు పోశాను, రెండు బీడ్‌లూ దించాను, ట్యూబు పట్టీలు కట్టాను. లివరు లేవలేదు. ఒకటి విరిగింది, రెండోది విరిగింది. ఇనప లివరు పెడితే రిమ్ము అంచు కొద్దిగా వంగింది. చివరికి టైరు కోసేశాను. అది కొని నాలుగు నెలలు కూడా కాలేదు. తప్పు టైరుదే అనుకుని అదే రిమ్ముకి కొత్తది ఎక్కించబోతే అదీ ఎక్కలేదు. అప్పుడు గానీ గాడిలోకి చూడలేదు.

గాడిలో నల్ల ఇన్సులేషన్ టేపు ఉంది. అంచు పట్టుకుని లాగితే చుట్టు మీద చుట్టు వస్తూనే ఉంది, ఎనిమిది చుట్లు. చుట్ల మధ్య సీలెంటు పాల మీద మీగడలా పేరుకుని ఉంది. దాని కింద అసలు ట్యూబ్‌లెస్ టేపు, అంటే స్పోకుల రంధ్రాల్లోంచి గాలి పోకుండా గాడిలో అంటించేది, దాని కింద ట్యూబు రోజుల నాటి రబ్బరు పట్టీ అలాగే ఉంది. గాలి దిగిపోతోందని ఎవరో పాతది తీయకుండా పైన చుట్టుకుంటూ పోయారు.

కరెంటు పనికి వాడే ఆ టేపు ఎనిమిది చుట్లు కలిస్తే సుమారు 1 మిల్లీమీటరు మందం. చూడటానికి ఏమీ కాదు. కానీ గాడి అడుగున 1 మిల్లీమీటరు పేరుకుంటే గాడి చుట్టుకొలత 6 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, చక్రం ఏ సైజుదైనా సరే. కింద ఉన్న రబ్బరు పట్టీ మందం దానికి అదనం. బీడ్‌కి ఉండాల్సిన వదులు అక్కడే పోయింది. పూడిక తీయని కాలువలో నీళ్ళకి చోటు ఉండనట్టే.

రెండోసారి ఇదే బాధ ఇంకో చక్రంతో వచ్చింది. అందులో ఇన్సులేషన్ టేపు లేదు, మంచి ట్యూబ్‌లెస్ టేపే, కానీ నాలుగు చుట్లు. మంచి టేపే కదా అని నాకు అనుమానం రాలేదు.

టైరు విప్పకుండానే దీన్ని పట్టుకోవచ్చు. వాల్వుకి ఎదురుగా రెండు బొటన వేళ్ళతో బీడ్‌ను లోపలికి నొక్కండి. గాడి బాగుంటే బీడ్ మిట్ట దాటి ఒక్కసారిగా కిందికి జారుతుంది, టైరుకీ రిమ్ము అంచుకీ మధ్య సందు కనిపిస్తుంది. గాడి పూడిపోయి ఉంటే బీడ్ పక్కకి జరుగుతుంది కానీ కిందికి పడదు, వేలికి ఆ జారుడు తగలదు. అనుమానంగా ఉంటే ముందు చక్రం కూడా నొక్కి పోల్చుకోండి. టైరు గోడను పక్కకి లాగి పట్టుకుని ఫోను టార్చి వేస్తే టేపు రంగు, చుట్ల అంచులు కనిపిస్తాయి. ఇంకో గుర్తు: కొన్నప్పుడు చేత్తో ఊడొచ్చిన టైరు మధ్యలో ఎవరో గాలి లీకు బాగు చేశాక బిగుసుకుందంటే ముందు టేపునే అనుమానించండి.

ఇలాంటి టైరు తీయాలంటే బలం కాదు, ఓపిక కావాలి. టైరును పావుగంట ఎండలో పెట్టండి, గోడలు మెత్తబడి పిండటానికి వీలవుతుంది. ట్యూబు పట్టీలు మూడు కాదు, ఐదారు కట్టండి. లివరు ఒక అంగుళం కంటే ఎక్కువ జరపకండి. ఒకరు అడుగున పిండి పట్టుకుంటే ఇంకొకరు లివరు వేయాలి. అయినా రాకపోతే టైరు కోసేయండి, రిమ్ము దక్కుతుంది.

ఊడాక టేపు మొత్తం పీకేయండి, రబ్బరు పట్టీతో సహా. జిగురును స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. ట్యూబ్‌లెస్ టేపు రిమ్ము లోపలి వెడల్పు కన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్నది తీసుకుని, లాగి పట్టి, గాడి అడుగుకి అంటేలా ఒక్క చుట్టు వేయండి. ఎక్కువ గాలి పట్టే సన్న రోడ్డు టైర్లకి రెండు చుట్లు చాలు. మళ్ళీ లీకయితే ఆ టేపు తీసి కొత్తది వేయాలి, దాని మీద ఇంకోటి చుట్టకూడదు.

మిగిలినవి అరుదు. రొయ్యల చెరువుల గట్ల మీదా సముద్రపు ఒడ్డునా తిరిగే బండ్లకి అరుగు మీద తెల్ల పొడి పట్టి బీడ్ అంటుకోవచ్చు, దానికీ సబ్బు నీళ్ళు, మడమే మందు. రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంటే కంటికే కనిపిస్తుంది. కొన్ని టైరూ రిమ్ము జతలు పుట్టుకతోనే బిగుతు, కానీ గాడి చూడకుండా ఆ మాట అనకండి.

కొత్త టేపు వేసి టైరు ఎక్కించి గాలి నింపాక, సీలెంటు పోయకముందే ఒకసారి గాలి తీసి ఇంట్లోనే టైరు విప్పి చూడండి. మీ చేతులతో, మీ సంచీలో ఉండే లివరుతోనే రావాలి. లంకల్లో చీకటి పడ్డాక పంక్చరయితే మీ దగ్గర ఉండేవి అవే.