మంచు పడే ఊళ్లలో కుండీ కరివేపాకును, మల్లెను చలికాలం దాటించడం

షికాగో, న్యూజెర్సీ, టొరంటో వైపు కుండీలో కరివేపాకు పెంచేవాళ్లలో చాలామందికి జనవరి వచ్చేసరికి ఆకంతా పసుపెక్కి రాలిపోయి మోడు మిగులుతుంది. చలికి చచ్చిపోయిందనుకుంటారు. కానీ హీటర్ నడిచే ఇంట్లో ఉన్న మొక్క చలికి చావదు. ఎక్కువసార్లు దాన్ని చంపేది నీళ్లే. వెలుతురు తగ్గితే ఆకుకు పని తగ్గుతుంది. మట్టి చల్లబడితే వేరు నీరు పీల్చడం దాదాపు మానేస్తుంది. అప్పుడు కూడా వేసవిలో లాగే రోజూ చెంబెడు పోస్తే ఆ నీరు కుండీలోనే నిలిచి వేరు కుళ్లుతుంది. పైన ఆకు వాడడం చూసి దాహమేమో అని ఇంకా పోస్తారు. చేసే పొరపాటు ఇదే.

లోపలికి ఎప్పుడు తేవాలన్నది క్యాలెండర్ చూసి కాదు, రాత్రి ఉష్ణోగ్రత చూసి నిర్ణయించుకోండి. వరసగా రెండు మూడు రాత్రులు 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 10 సెంటీగ్రేడ్‌కు దిగుతున్నాయంటే ఇక ఆగొద్దు. దానికి వారం పది రోజుల ముందే కుండీని ఎండలోంచి నీడకు జరిపితే ఇంట్లోని తక్కువ వెలుతురు ఒక్కసారిగా మీద పడదు, ఆకు రాలడం తగ్గుతుంది. ఎరువు సెప్టెంబర్ నుంచే ఆపేయండి. ఈ సమయంలో పెద్ద కుండీలోకి మార్చవద్దు. వేరు చేరని మట్టి ఎంత ఎక్కువుంటే తడి అంత ఎక్కువ రోజులు నిలుస్తుంది.

గడప దాటించే ముందు పురుగు పని పట్టాలి. ఆకుల అడుగు భాగం తడిసేలా పైపుతో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు. వంటకు కావలసిన ఆకు దీనికి ముందే దూసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మంచిది. ఇంట్లో పొడిగాలికి ఎర్రనల్లి విజృంభిస్తుంది. ఆకు మీద సన్నని తెల్ల చుక్కలు, రెమ్మల మధ్య బూజులాంటి గూడు కనిపిస్తే మళ్లీ బాత్‌టబ్‌లో పెట్టి షవర్‌తో కడగాలి. అప్పుడు మట్టి తడవకుండా కుండీకి ప్లాస్టిక్ సంచి కట్టండి.

చోటు విషయానికొస్తే దక్షిణం కిటికీ మేలు. ఆకు మాత్రం అద్దానికి తగలకూడదు. హీటర్ గాలి నేరుగా తగిలే చోటు అసలు వద్దు. కిటికీ వెలుతురు చాలకపోతే ఎల్‌ఈడీ గ్రో లైట్‌ను మొక్క పైన అడుగు ఎత్తులో కట్టి, టైమర్‌తో రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి. చాలామంది పట్టించుకోనిది నేల చలి. గదిలో 68 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా టైల్ మీదో, బేస్‌మెంట్ కాంక్రీటు మీదో ఉన్న కుండీలో మట్టి అంతకంటే చల్లగా ఉంటుంది. కింద చెక్కపలకో, థర్మోకోల్ ముక్కో వేయండి.

నీళ్లకు వారాల లెక్క పెట్టుకోకండి. వేలు రెండంగుళాలు దించి చూడండి. తడి తగిలితే పోయొద్దు. పొడిగా ఉంటే గోరువెచ్చని నీళ్లు అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబోయండి. ఆకంతా రాలిన మొక్కకు ఇంకా తక్కువ, మట్టి మరీ ఎండిపోకుండా మూడు వారాలకో కప్పు చాలు. మోడును పారేసే ముందు కాండం మీద గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. మార్చి, ఏప్రిల్‌లో చిగురు వేస్తుంది.

మల్లె దీనికంటే చల్లదనాన్ని ఓర్చుకుంటుంది, 55 నుంచి 60 డిగ్రీల గది దానికి హాయి. మన మల్లెతోటల్లో చలికాలంలో నీరు తగ్గించి, కొమ్మ కత్తిరించి, ఆకు దూస్తారు. మొగ్గ కొత్త చిగురుకే వస్తుంది కాబట్టి ఆ పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. ఫిబ్రవరి చివర సగానికి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, చిగురు కనిపించాక నీళ్లు పెంచండి.

అంజీర దారి వేరు. ఆకు రాల్చి నిజంగా నిద్రపోయే చెట్టది. వెచ్చని గదిలో పెడితే అకాలంలో పాలిపోయిన చిగుళ్లు వేసి నీరసిస్తుంది. ఆకు రాలాక 30 నుంచి 45 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండే గరాజ్‌లో పెట్టండి. వెలుతురు అక్కర్లేదు, నెలకో గ్లాసు నీళ్లు చాలు. బయట వదిలేస్తే మాత్రం నేలలో చెట్టుకున్న రక్షణ కుండీకి ఉండదు, నాలుగు వైపుల నుంచీ వేరు గడ్డకడుతుంది.

ఒక మొక్క పోయిందని వేరే రాష్ట్రంలోని బంధువుల ఇంటి నుంచి కరివేపాకు పిలక కారులో తెచ్చుకోకండి. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో దీనిమీద క్వారంటైన్ ఆంక్షలున్నాయి.

మే నెలలో రాత్రులు మళ్లీ 50 దాటి నిలకడగా ఉన్నాక బయట పెట్టండి, కానీ నేరుగా ఎండలో కాదు. మొదట రెండు మూడు రోజులు నీడ, తర్వాత ఉదయపు ఎండ గంట, ఆపైన రోజుకో గంట పెంచుతూ పది రోజులకు పూర్తి ఎండ. తొందరపడితే ఇంట్లో వచ్చిన లేత ఆకు తెల్లగా కాలిపోతుంది.