ఆనప పాదుకు పిందె పట్టించిన కత్తిరింపు: నా అనుభవం

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మా మేడ మీద ఆనప పాదు పందిరంతా అల్లుకుని, సాయంత్రమయ్యేసరికి తెల్లగా పూసేది గాని, అన్నీ పొడవాటి కాడలున్న మగపూలే కావడంతో ఒక్క పిందె పడేది కాదు. వర్మీకంపోస్టు, పుల్లమజ్జిగ పిచికారీ, కొత్త విత్తనం ఏవీ ఫలితమివ్వలేదు.

ఆనపలో ప్రధాన తీగ ఎక్కువగా మగపూలను, పక్క తీగలు ఎక్కువగా ఆడపూలను ఇస్తాయి. అందువల్ల తీగ సుమారు 6 అడుగులు సాగి పందిరిని అందుకునే వరకు కింది కణుపుల వద్ద వచ్చే పిలకలను లేతగా ఉన్నప్పుడే గిల్లివేసి, పందిరి చేరగానే ప్రధాన తీగ కొసను శుభ్రమైన బ్లేడుతో, కణుపుకు కాస్త పైన, పొద్దున్నే కోశాను. ఆ వేళ కోస్తే పగటి ఎండకు గాయం ఆరుతుంది. తరువాత పై కణుపుల నుంచి వచ్చిన వాటిలో బలమైన తీగలను మాత్రమే ఉంచి, వేర్వేరు దిక్కులకు పాకించి, ఒక్కొక్కటి 10, 12 ఆకులు తొడిగాక వాటి కొసలనూ తుంచాను. వాటికి పుట్టిన పిల్ల తీగల తొలి కణుపులలోనే, పూమొగ్గ కింద వేలి కొసంత నూగు పిందెతో, ఆడపూలు కనిపించాయి.

ఆనప పూలు సాయంత్రం విచ్చుతాయి గనుక, చీకటి పడే వేళ మగపూవు రేకులు తీసి పుప్పొడిని ఆడపూవుకు నేనే అద్దాను. పిందెలు నిలవడంలో కత్తిరింపు వాటా ఎంతో, దీని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. బీర పాదుకు ఇదే పద్ధతి కొంతవరకే పనిచేసింది. ప్రధాన తీగ మీదే కాసే కీర దోస హైబ్రిడ్‌లకు మాత్రం కొస తుంచితే తొలి కాపు తగ్గుతుంది. చిన్న కుండీలో ఇన్ని తీగలను పెంచడమూ కష్టమే.