ఇంట్లో తీసిన ఫిల్మ్ ఫొటోలు ఎందుకు పాడవుతున్నాయి?

రోల్ కడిగించగానే అందరూ ఫోన్‌లో స్కాన్లు చూస్తారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మాత్రం నెగటివ్‌ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. అందుకే నెగటివ్‌లు ల్యాబ్‌లోనే వదిలేసి రాకండి. కింద చెప్పేదంతా 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులోంచే చూసి తీసే) కెమెరాల సంగతి.

ఫొటో మసగ్గా, బూడిదరంగులో, గరుగ్గా ఉంది

నెగటివ్ పలచగా ఉంటే వెలుతురు చాలలేదన్నమాట. ఇంట్లో తీసేవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. ట్యూబ్‌లైట్ వెలుగు మన కంటికి ధారాళంగా కనిపిస్తుంది కానీ ఫిల్ముకి సరిపోదు. రాత్రి వంటింట్లో 400 ఫిల్ముతో (ఈ అంకె ఐఎస్‌ఓ, అంటే ఫిల్మ్ వెలుతురుని పట్టే వేగం) లెన్సు కన్నం ఎఫ్/2 దాకా తెరిచినా షట్టర్ స్పీడు సెకనులో 1/60 వంతుకో 1/30 వంతుకో దిగుతుంది. ఆ స్పీడులో పెనం, గోడ బాగానే వస్తాయి, దోసె తిప్పుతున్న చెయ్యి మాత్రం చెదిరిపోతుంది. 200 ఫిల్మ్ అయితే ఇంకా కష్టం. కాబట్టి ఇంటి కోసం 400కి తక్కువ కొనకండి. జూమ్ పక్కన పెట్టి 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలించండి. పగలైతే 400 కలర్ ఫిల్ముకి ఐఎస్‌ఓ డయల్ 200 దగ్గర పెట్టి కాస్త ఎక్కువ వెలుతురు ఇచ్చినా నష్టం లేదు. కలర్ నెగటివ్ వెలుతురు ఎక్కువైతే తట్టుకుంటుంది, తక్కువైతేనే పేచీ. రాత్రికి నా ఓటు బ్లాక్ అండ్ వైట్‌కే: హెచ్‌పీ5 ప్లస్ అనే 400 ఫిల్మ్ వేసి, డయల్ 1600 పెట్టి, రోలంతా అలాగే తీసి, ‘1600కి పుష్’ (అంటే ఎక్కువసేపు కడగమని) డబ్బా మీద రాసి ల్యాబ్‌కి ఇవ్వండి. చెప్పకపోతే మామూలుగానే కడిగేస్తారు.

అన్నీ సరిగ్గా పెట్టినా పలచగానే వస్తోందా? కెమెరా సెల్ (బ్యాటరీ) చూడండి. 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం చేసిన పాత కెమెరాలో 1.5 వోల్టుల సెల్ వేస్తే చాలా మోడళ్లలో వెలుతురు కొలిచే మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, దాంతో ఫిల్ముకి తక్కువ వెలుతురు అందుతుంది.

గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మ మొహం నల్లగా వచ్చింది

మీటర్ వీధిలో ఎండని లెక్కేసుకుంది. దగ్గరికెళ్లి మొహం మీద మీటర్ చూసుకుని, సెట్టింగులు మార్చకుండా వెనక్కొచ్చి తీయండి. వీధి తెల్లగా పాలిపోతుంది, పోనివ్వండి.

రంగులు పచ్చగానో పసుపుగానో ఉన్నాయి

మామూలు కలర్ ఫిల్మ్ పగటి వెలుతురు కోసం చేసింది. దానికి ట్యూబ్‌లైట్ పచ్చగా, పాత బల్బు నారింజరంగుగా కనిపిస్తుంది. బల్బు వెలుగుకి 80ఎ అనే నీలం ఫిల్టర్ ఉంది గానీ అది రెండు స్టాపుల వెలుతురు (నాలుగింట మూడొంతులు) మింగేస్తుంది. అసలే కరువులో ఉన్న గదిలో అదెందుకు? నెగటివ్ నిండుగా ఉంటే స్కానింగ్‌లో చాలావరకు సరిచేయొచ్చు. ఒకవైపు కిటికీ, ఒకవైపు లైటు కలిస్తే మాత్రం సరిచేయడం చాలా కష్టం. పగలు లైట్లు ఆపేయండి.

ఫ్లాష్ వేస్తే ఫ్రేమ్‌లో సగం చీకటి

షట్టర్ స్పీడు ఫ్లాష్ సింక్‌ని (ఫ్లాష్‌తో వాడదగ్గ గరిష్ఠ స్పీడుని) దాటింది. చాలా పాత ఎస్‌ఎల్‌ఆర్‌లలో అది 1/60, కొన్నిట్లో 1/125. డయల్ మీద ఎక్స్ గుర్తున్న స్పీడుకి తిప్పండి.

రోలంతా ఖాళీ

అంచున కంపెనీ పేరు, నంబర్లు కనిపిస్తున్నాయా? అయితే ఫిల్మ్ కడగడం సరిగ్గానే జరిగింది, చాలావరకు కెమెరాలోనే ఫిల్మ్ చుట్టుకునే స్పూల్‌కి తగులుకోలేదన్నమాట. ఈసారి లోడ్ చేశాక లివర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూడండి. అంచు రాతలు కూడా లేకపోతే అడగాల్సింది ల్యాబ్‌నే.

ఎర్రటి చారలు

వెనక మూత స్పాంజి జిగురైపోయి వెలుతురు లోపలికి పోతోంది. గీకేసి కొత్తది అంటించాలి, అప్పటిదాకా మూత అంచుల మీద నల్ల టేపు వేయండి.