టీవీ బొమ్మకు అసలు పరీక్ష బూడిద రంగే

టీవీని పరీక్షించమని ఎవరు పిలిచినా నేను ముందు సినిమా పెట్టను. టీవీ ఆన్ చేసి అరగంట ఆగుతాను. ప్యానెల్ వేడెక్కేదాకా రంగులు నిలకడగా ఉండవు. ఈలోగా లైట్లు ఆర్పి, కర్టెన్లు మూసి, పిక్చర్ మోడ్ సినిమాకో ఫిల్మ్‌మేకర్‌కో మారుస్తాను. కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్, సీన్ని బట్టి వెలుగు మార్చే డైనమిక్ కాంట్రాస్ట్, గది వెలుతురును బట్టి స్క్రీన్‌ను మార్చే సెన్సర్ అన్నీ ఆపేయాలి. నల్లగీత పక్కన తెల్లటి అంచు పోయేదాకా షార్ప్‌నెస్ తగ్గించండి.

తర్వాత నలుపు. ప్లూజ్ ప్యాటర్న్ (నలుపు స్థాయి సరిచూసే పట్టీల పరీక్ష బొమ్మ) పెట్టండి. వీడియోలో నలుపు 16, తెలుపు 235. 16 కన్నా తక్కువున్న పట్టీ వెనక నలుపులో కలిసిపోవాలి, కాస్త ఎక్కువున్నది లీలగా కనిపించాలి. బ్రైట్‌నెస్ ఒక్కో అంకె చొప్పున కదపండి. ఒక ఇంట్లో ఎంత కదిపినా 16 కన్నా ఎక్కువున్న పట్టీ కూడా కనిపించలేదు. చూస్తే ప్లేయర్ ఫుల్ రేంజ్ (0 నుంచి 255) పంపుతోంది, టీవీ 16 నుంచి 235 ఆశించే లిమిటెడ్‌లో ఉంది. రెండూ ఒకటి చేయగానే చీకటి సీన్‌లో నల్లకోటు మడతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ఇక గ్రేస్కేల్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఉండే బూడిద రంగు మెట్లు. నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే. తెలుపులో నీలం ఎక్కువున్నా కన్ను కాసేపట్లో అలవాటు పడిపోతుంది, అందుకే కొలిచేది మీటరే. కలరీమీటర్‌ను తెర మధ్యన ఆనించి, 10 శాతం నుంచి 100 దాకా బూడిద రంగు మెట్లు చూపించాలి. ప్రతి మెట్టూ డీ65 అనే ప్రామాణిక తెలుపుకి, అంటే రంగుల పటంలో ఎక్స్ 0.3127, వై 0.3290కి దగ్గరగా రావాలి. టీవీ మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు మారుస్తూ వెలుగు మెట్లను గెయిన్‌తో, చీకటి మెట్లను ఆఫ్‌సెట్‌తో సరిచేస్తాం. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది కాబట్టి ఓపిగ్గా అటూ ఇటూ తిరగాలి. డెల్టా ఈ, అంటే ఉండాల్సిన రంగుకీ కనిపిస్తున్న రంగుకీ మధ్య తేడా, 3 లోపుకి వస్తే కంటికి దాదాపు తెలియదు. చీకటి గదికి గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.4, తెలుపు 100 నిట్స్ (వెలుగు కొలత) చుట్టూ పెడతాను. గ్రేస్కేల్ కుదిరితే రెక్ 709 (మామూలు హెచ్‌డీ వీడియో ప్రమాణం) రంగుల్లో చాలామటుకు వాటంతటవే దారికొస్తాయి.

హెచ్‌డీఆర్‌ని (మామూలు వీడియో కన్నా ఎక్కువ వెలుగు చూపే వీడియో) విడిగా కొలవాలి. దాని వెలుగు స్థాయిలు చెప్పే పీక్యూ స్కేలు 10,000 నిట్స్ దాకా వెళ్తుంది, ఇళ్లలోని చాలా టీవీలు అంత వెలగలేవు. పై వెలుగును టీవీ ఎలా కుదిస్తోందో, మేఘాల అంచుల్లో వివరం మిగిలిందో లేదో చూడండి.

పెట్టె మీది టీహెచ్‌ఎక్స్ ముద్రకి (నాణ్యత పరీక్షించి ఇచ్చే ధృవీకరణ) విలువ ఉంది, కానీ అది ఆ మోడల్‌కి ఇచ్చింది. మీ గదిలోని మీ టీవీని అది కొలవలేదు. జోయెల్ సిల్వర్ 1994లో స్థాపించిన ఐఎస్‌ఎఫ్ (ఇమేజింగ్ సైన్స్ ఫౌండేషన్, బొమ్మ సర్దుబాటు నేర్పే సంస్థ) దగ్గర శిక్షణ పొందినవాళ్లు ఇంటికొచ్చి కొలుస్తారు. ఎవరు చేసినా రిపోర్టు అడగండి. సర్దుబాటుకి ముందు, తర్వాత తీసిన గ్రాఫులు, మీటర్ మోడల్, తేదీ, ఏ పిక్చర్ మోడ్, ఏ ఇన్‌పుట్ అన్నవి అందులో ఉండాలి. ముందటి గ్రాఫు లేని రిపోర్టు మీద నేను సంతకం పెట్టను.