బంగారం సూదికి ముందు మూత్ర పరీక్ష

జీడిపిక్కల పని మొదలవుతోందంటే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లకి గుబులే. పొద్దున్న లేచాక గంటసేపు వేళ్లు ముడవవు. అప్పుడే ఎవరో ఒకరు చెబుతారు: "బంగారం సూది పొడిపించుకో పిన్నీ, దిగిపోద్ది."

బంగారం మందు బూటకం కాదు. 1929లో ఫ్రాన్సులో ఫారెస్టియర్ అనే డాక్టరు బంగారు లవణాలను కీళ్లవాతానికి వాడాడు. క్షయకి ఇచ్చే మందే, ఇదీ అలాంటి జబ్బేమో అనుకుని ఇచ్చాడు. అనుకున్నది తప్పు, మందు మాత్రం పనిచేసింది! 1985లో అమెరికాలో ఆరానోఫిన్ అనే బంగారం మాత్రకీ అనుమతి దొరికింది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చాక బంగారం వాడకం బాగా తగ్గిపోయింది. అందుకే ఊళ్లో ఎవరైనా సూది తీస్తే సీసా మీద పేరు చదివించుకోండి, స్టెరాయిడ్ కావచ్చు. ఆయుర్వేదంలోని స్వర్ణభస్మం సంగతి వేరే, దానికీ ఈ లవణాలకీ పోలిక లేదు.

డాక్టరే బంగారం రాస్తే ముందు మూత్ర పరీక్ష, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. బంగారం కిడ్నీ నుంచి ప్రొటీన్ కారేలా చేయగలదు, రక్తకణాలనూ తగ్గించగలదు. అందుకే సూదులు నడిచినన్నాళ్లూ మూత్రం, రక్తం పరీక్షలు మానకూడదు. దురద, నోట్లో పుళ్లు, కారణం లేకుండా కమిలిన మచ్చలు, పొడిదగ్గుతో ఆయాసం: వీటిలో ఏది కనిపించినా తర్వాతి సూది ఆపి డాక్టరుకి చెప్పండి. ఏళ్ల తరబడి వాడితే ఎండ తగిలే చోట చర్మం బూడిదనీలంగా మారొచ్చు, తోటలో పనిచేసేవాళ్లు తలకి, చేతులకి గుడ్డ కప్పుకోవాలి.

గుణం కనబడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అసలు ప్రమాదం ఆ నెలల్లోనే. నొప్పి ఓర్వలేక మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర అడిగి రోజూ మింగేస్తారు, ఎండలో నీళ్లు తక్కువ తాగిన కిడ్నీకి అది ఇంకో దెబ్బ.

మెథోట్రెక్సేట్ అయితే వారానికి ఒక్కసారే. సంత రోజు అని గుర్తు పెట్టుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ బలహీనంగా ఉంటే మందు ఒంట్లోనే నిలిచిపోతుంది కూడా. వానల్లో జ్వరం పట్టుకుంటే ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టరుని అడగండి. కడుపుతో ఉన్నా, పిల్లలు కావాలనుకుంటున్నా ముందే చెప్పాలి.

ఇంకోటి, వేళ్లు వాచక ముందే ఉంగరాలు తీసేయండి. మా పెద్దమ్మ ఉంగరాన్ని కంసాలి దగ్గర కోయించాల్సి వచ్చింది.